అమ్మ, ప్రభువు, సర్కారు: గోదావరి డెల్టా దళితవాడల్లో దేవుడి చరిత్ర

దేవుడంటే ఎవరు అన్న ప్రశ్నకి మన విశ్వవిద్యాలయాల్లో జవాబు చెప్పే పద్ధతి ఒకటుంది. ఏకేశ్వరవాదం, బహుదేవతారాధన, అద్వైతం, నిరీశ్వరవాదం అని గళ్ళు గీసి, ఒక్కో మతాన్ని ఒక్కో గడిలో కూర్చోబెడతారు. గోదావరి డెల్టాలోని మాలపల్లెలూ మాదిగపల్లెలూ ఆ గళ్ళలో ఇమడవు. మా ఇంటి గోడకి ఏసుప్రభువు క్యాలెండరు వుండేది. పిల్లలకి ఆటలమ్మ పోస్తే అదే ఇంటి గుమ్మానికి మా మామ్మ వేపమండలు కట్టేది. పాస్టరు గారొచ్చి, వేపమండల్ని చూసీ చూడనట్టు ప్రార్థన చేసి వెళ్ళేవారు. బడిలో చేర్చినప్పుడు మాత్రం మతం అన్నచోట హిందువు అని రాయించారు. దీన్ని అజ్ఞానం అన్నవాళ్ళున్నారు, అవకాశవాదం అన్నవాళ్ళూ వున్నారు. రెండూ కాదని మేము అనుకుంటున్నాం. ఎందుకు కాదో తెలియాలంటే ఈ ముగ్గురు దేవుళ్ళూ పల్లెకి ఎలా వచ్చారో చూడాలి.

ముందు అమ్మ సంగతి. భీమవరానికి మావుళ్ళమ్మ, పెద్దాపురానికి మరిడమ్మ, ఇంకా ఎన్నో వూళ్ళకి నూకాలమ్మ, ముత్యాలమ్మ, పోలేరమ్మ. మరిడి అంటే కలరా. అమ్మవారు అంటే మశూచి. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఎక్కడో పైనుండి రోగాన్ని పంపే దేవత కాదు ఈమె. ఒంటిమీద పోసిన పొక్కే అమ్మ. అందుకే రోగిని అసహ్యించుకోరు, చల్లగా చూసుకుంటారు. ఆమెకి ఆకలేస్తుంది, కోపం వస్తుంది, మనిషికి పూని మాట్లాడుతుంది. ఇలాంటి దైవం మనకొక్కరికే లేదు. పశ్చిమాఫ్రికాలో యొరుబా ప్రజలకి మశూచి దైవం షోపోనా. బానిసలుగా క్యూబాకి తరలించబడ్డ ఆ ప్రజలు ఆ దైవాన్నే బబలూ ఆయే అన్న పేరుతో, ఒళ్ళంతా కురుపులున్న పేద లాజరు బొమ్మ చాటున కొలుచుకున్నారు. మన పల్లెల్లో ఎంతమంది లాజర్లున్నారో పాఠకులకి మేము చెప్పనక్కర్లేదు.

అయితే అమ్మని మన ఆదిదేవతగా పొగిడి వూరుకుంటే చరిత్ర సగమే చెప్పినట్టవుతుంది. జాతరలో మాదిగ డప్పు లేనిదే అమ్మ కదలదు. దున్నపోతుని నరకడం, నెత్తురు కలిపిన అన్నాన్ని రాత్రిపూట పొలిమేర చుట్టూ పొలి చల్లడం మాల మాదిగల పని. తెలుగు వూళ్ళలో ఇలాంటి తంతుల్ని మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ 1916లో అచ్చయిన పుస్తకంలో వివరంగా రాశాడు. అమ్మకి దగ్గరగా వెళ్ళే హక్కు మనకుంది, నిజమే. కానీ ఆ దగ్గరతనం వెట్టి కూడా. ఆమె కోపం ముందు తగిలేది పొలి మోసినవాడికే. తెల్లారాక వూరు వూరే, పల్లె పల్లే. రేణుక కథలో బ్రాహ్మణ స్త్రీ తల మాదిగ స్త్రీ మొండేనికి అతుకుతుంది. గుడిలో కొలిచేది ఆ తలని. జాతర్లో చాకిరీ చేసింది మొండెం.

1830ల చివర్లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు నరసాపురం వచ్చి పని మొదలుపెట్టారు. బౌడెన్ రాళ్ళు చెక్కే పనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. చెప్పులు కుట్టిన చేతుల్లో వేదగ్రంథం వుండటం ఈ దేశంలో చిన్న విషయం కాదు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పుడు వేలమంది కూలీలు అక్కడ చేరారు. వాళ్ళ మధ్య ఈ మిషన్ బోధ చేసింది. 1845లో జర్మన్ లూథరన్లు రాజమండ్రిలో మొదలుపెట్టిన పని 1851లో అమెరికన్ లూథరన్ల చేతికొచ్చింది. కాకినాడలో టెలిగ్రాఫు వుద్యోగం చేసిన థామస్ గాబ్రియేలు అనే తెలుగువాడు తానే సంఘాలు కట్టిన తర్వాత, 1874లో కెనడియన్ బాప్టిస్టులు అక్కడికి వచ్చారు. అంటే తెల్లదొరలే దేవుణ్ణి తెచ్చి మన చేతిలో పెట్టారన్న మాట పూర్తి నిజం కాదు.

ఈ కొత్త దేవుడికి రూపం లేదు, ఆకలి లేదు. ఆయన వాక్యం. వాక్యం దగ్గరికి వెళ్ళాలంటే అక్షరం కావాలి, అందుకే గుడితోపాటు బడి వచ్చింది. ఇంకొకటి కూడా వుంది. బలి సిలువ మీద ఒక్కసారే, అందరికోసం అయిపోయిందని ఈ మతం చెప్పింది. అది పండితులకి వేదాంతం. పల్లెకి మాత్రం ఇక పొలి మోయక్కర్లేదు అన్న కబురు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు జాతరకి డప్పు కొట్టం, చచ్చిన గొడ్డుని మొయ్యం అన్నప్పుడు వూరితో తగువులు వచ్చిన వుదంతాలు తెలుగు మిషన్ల చరిత్రలో చాలా వున్నాయి. ఆ తగువులు దేవుడి కోసమే జరగలేదు, చాకిరీ కోసం కూడా జరిగాయి. అయినా మాలపల్లె చర్చి వేరు, మాదిగపల్లె చర్చి వేరు అన్న స్థితి మన వూళ్ళలో ఇప్పటికీ వుంది. ఆ తప్పుని మిషనరీల మీద తోసేసి మనం తప్పించుకోలేం.

గుడి దేవుడి విషయానికొస్తే, ఆయన్ని మనం తలుపు అవతల నుంచే ఎరుగుదుం. 1917లో బెజవాడలో ఆది ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, ప్రతినిధులు లోపలికి వస్తారేమోనన్న భయంతో కనకదుర్గ గుడిని మూడు రోజులు మూసేశారు. దుర్గ కూడా అమ్మే. కానీ మడి కట్టుకుని కొండెక్కాక పల్లె మనిషి ఆమెకి మైల అయిపోయాడు.

స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో మూడేళ్ళ వ్యవధిలో మూడు శాసనాలు వచ్చాయి. వీటిని చరిత్రకారులు విడివిడిగా చదువుతారు, మేము కలిపి చదవమంటున్నాం. 1947 మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం గుడి తలుపు తెరిచింది. 1950లో అదే మద్రాసు రాష్ట్రం గుళ్ళ దగ్గరా జాతరల్లోనూ జంతుబలిని నిషేధించింది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి వుత్తర్వు, హిందూ మతం కానిది పాటించేవాడు షెడ్యూల్డు కులస్తుడు కాడని చెప్పింది. క్రైస్తవుల్ని మినహాయించే పని బ్రిటిష్ వాళ్ళ 1936 వుత్తర్వే మొదలుపెట్టింది. మూడింటినీ కలిపితే వచ్చే అర్థం ఇది: మా దేవుడి దగ్గరికి రావచ్చు, మీ అమ్మకి మాత్రం ఆమె తిండి పెట్టకూడదు, వేరే దేవుణ్ణి ఎంచుకుంటే మీ హక్కు పోతుంది. ఏ దేవుడు లెక్కలోకి వస్తాడో సర్కారు తేల్చింది.

1956 అక్టోబరు 14న అంబేద్కర్ నాగపూరులో దేవుడే లేని ధమ్మం తీసుకున్నారు. ఆ దారి పట్టినవాళ్ళకి షెడ్యూల్డు కులాల హోదా 1990 దాకా రాలేదు. సిక్కులకి మాత్రం 1956లోనే ఇచ్చారు. క్రైస్తవులకీ ముస్లిములకీ ఇవ్వలేదు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకి ఆ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. 2025లో రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాడికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని ఒక పాస్టరు కేసులో తీర్పు చెప్పింది. కులం పేరుతో తిట్టేవాడు ఎవరి మతమూ అడిగి తిట్టడు. రక్షణ ఇవ్వాల్సిన చట్టమే మతం అడుగుతోంది.

ఇప్పుడు మా మామ్మ గుమ్మం దగ్గరికి మళ్ళీ వద్దాం. ఒంట్లో వేడి తగ్గడానికి అమ్మ, మనిషిగా తలెత్తుకోడానికి ప్రభువు, మనవడి చదువుకి సర్కారు కాగితం. ఆమె ముగ్గుర్నీ కలగాపులగం చెయ్యలేదు. ఎవరిని దేనికి అడగాలో ఆమెకి తెలుసు. ఒక్కటే రాయమన్నది దరఖాస్తు ఫారం.

అందుకే విద్యార్థులకీ కార్యకర్తలకీ మా మనవి. ఎంతమంది దేవుళ్ళని కొలుస్తారు అని పల్లెలో అడక్కండి. మీ దేవుడు ఏం తింటాడు, ఎవరు ముట్టుకోవచ్చు, ఆయన కోసం ఎవరు చాకిరీ చేశారు అని అడగండి. పొలి చల్లిన తరం, మొదటి బాప్తిస్మాల కథలు విన్న తరం వెళ్ళిపోతోంది. వాళ్ళ మాటలు రాసి పెట్టుకోకపోతే మన దేవుళ్ళ చరిత్రకి బిషప్పుల పుస్తకాలూ కోర్టు తీర్పులే మిగులుతాయి.