పేరు వెయ్యని పన్నెండు నవలలు

1954లో చందమామ పిల్లలకి కొత్త బెంగ ఒకటి పట్టుకుంది. కుండలినీ ద్వీపం సేనాని సమరసేనుడు ఓడలెక్కి బయల్దేరాడు. ఆకాశంలో తోకచుక్క కనిపించింది. తర్వాత ఏమైందో తెలియాలంటే నెల ఆగాలి. ఆ నెల గడిచి పత్రిక చేతికొస్తే, సమరసేనుడు ఒక గండం దాటి ఇంకో గండం అంచున నిలబడి ఉండేవాడు.

‘తోకచుక్క’తో మొదలై ‘భల్లూక మాంత్రికుడు’తో ముగిసే దాకా ఇలాంటి సీరియళ్ళు పన్నెండు వచ్చాయి. అన్నీ రాసిన చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి ఎవరిదో పాఠకుల్లో చాలామందికి తెలీదు, సీరియల్ మీద రచయిత పేరు వేసేవాళ్ళు కాదు మరి.

ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో తెనాలి ప్రాంతంలో పుట్టారు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసులో మొదలుపెట్టిన చందమామలో 1952లో చేరారు. కొడవటిగంటి కుటుంబరావు పత్రికలోకి వచ్చిందీ అదే ఏడు. కుటుంబరావు 1980లో పోయారు. దాసరి మాత్రం 2006 దాకా అక్కడే పనిచేశారు. ఉద్యోగం ఒకటే, ఊరు ఒకటే. జీవితచరిత్ర రాసేవాళ్ళకి పెద్దగా సరుకు దొరకని జీవితం. తిరుగుడంతా ఆయన పాత్రలే తిరిగాయి.

నెలనెలా సీరియల్ రాయడం తేలికైన పని కాదు. ఇచ్చేది కొద్ది పేజీలు. అందులోనే వెనకటి సంచిక చదవని పిల్లవాడికి జరిగిన కథ నాలుగు ముక్కల్లో చెప్పాలి, చదివినవాడికి విసుగు రాకూడదు, చివరి వాక్యం దగ్గర ఇద్దరికీ ఊపిరి ఆగాలి. దాసరి వాక్యం పొట్టిది. కొండని వర్ణిస్తూ కూర్చోదు, మనుషుల్ని కొండ ఎక్కిస్తుంది. అడవి ఎంత దట్టంగా ఉందో, కోట ఎంత ఎత్తుందో చూపించే బాధ్యత చిత్రా బొమ్మలది. ఆ రెండూ కలిస్తేనే సీరియల్. ‘చిత్రా’ అని సంతకం చేసే టి.వి. రాఘవన్ బొమ్మలు తీసేసి చదివితే సగం కథే చదివినట్టు, అని నా లెక్క.

ఇక మాంత్రికులు. ఏకాక్షి, చతుర్నేత్రుడు, బ్రహ్మదండి... పేర్లు వింటేనే పిల్లలు దుప్పటి ముసుగేసేవారు. కానీ కాస్త పెద్దయ్యాక చదివితే, వీళ్ళ మంత్రాలకన్నా వీళ్ళ దురాశే ఎక్కువ కనిపిస్తుంది. ఎక్కడో దాగిన ధనం కోసమో, శక్తి కోసమో ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటారు. ఆ తగవుల సందులోంచే నాయకులు బయటపడతారు. ఆపదలో దేవుడు దిగివచ్చి గట్టెక్కించడం ఈ కథల్లో ఆనవాయితీ కాదు. కత్తి, బుర్ర, పక్కనున్న నేస్తం, అంతే. అందుకే నాయకులు జంటలుగా గుర్తుంటారు: ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు; ‘మాయాసరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు. రాజకుమారుడే నాయకుడు కావాలన్న నియమం కూడా లేదు. ‘శిథిలాలయం’ శిఖిముఖి శబర యువకుడు. ఆడపాత్రల దగ్గరే ఆయన కలం బద్ధకించింది. సాహసాలన్నీ మగవాళ్ళకే రాసిపెట్టి ఉన్నట్టుంటాయి. అభిమానులు ఈ మాట ఒప్పుకోవడానికి ఇబ్బంది పడతారు గానీ, నిజం అదే.

‘యక్షపర్వతం’ అయిపోయాక ఆ స్థానంలో బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’ వచ్చింది. గొప్ప రచనే, కానీ మాంత్రికులకి అలవాటుపడ్డ పాఠకులకి ఆనలేదు. 1976లో ‘మాయాసరోవరం’తో దాసరి మళ్ళీ వచ్చారు. ఆ తర్వాత ‘భల్లూక మాంత్రికుడు’ వచ్చింది. 1978లో చిత్రా కన్నుమూశారు. ఆ పైన సీరియల్ పేజీల్లోకి పురాణగాథలు వచ్చాయి. దాసరి చందమామలోనే ఉన్నారు, మాంత్రికులు మాత్రం తిరిగి రాలేదు.

ఆ సీరియళ్ళని మరవని పాఠకులు పాత సంచికల్లోంచి సీరియల్ పేజీలు ఊడదీసి బైండు చేయించుకుని దాచుకున్నారు. 2010 జనవరిలో విజయవాడలో దాసరి పోయారు. ఆ తర్వాత ఈ సీరియళ్ళు ఆయన పేరుతో పుస్తకాలుగా వచ్చాయి. ఇప్పటిదాకా ఒక్కటీ చదవనివాళ్ళు ‘తోకచుక్క’తో మొదలుపెట్టక్కర్లేదు. ‘శిథిలాలయం’ పట్టుకోండి. అప్పటికి పద్నాలుగేళ్ళు రాసి రాటుదేలిన చెయ్యి అది.