పచ్చిరొట్ట ఎరువు – బొడిపెల రహస్యము

వరి నాటుటకు ముందు జీలుగనో, జనుమునో, పిల్లిపెసరనో చల్లి, పూతకు వచ్చిన వెంటనే నేలలో కలియదున్నుట తెలుగు రైతులు ఎరిగిన పద్ధతియే. దీనినే పచ్చిరొట్ట ఎరువు అందురు. ఈ పైరు పొలమునుండి తీసికొన్న సారమునే మరల పొలమున కిచ్చుచున్నచో, దాని తరువాత వేసిన వరి అంత ఏపుగా ఏల పెరుగవలెను?

క్రీ. శ. 1వ శతాబ్దమునందే రోమను రచయిత కొలుమెల్లా, లూపిను అను కాయజాతి మొక్కను పచ్చిగా దున్నినచో నిస్సారమైన నేల బలపడునని వ్రాసెను. కారణము తెలియుటకు పద్దెనిమిది వందల ఏండ్లు పట్టినది.

గాలిలో సుమారు 78 పాళ్లు నత్రజనియే. 1838లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూసెంగో, క్లోవరు, బఠాణీ మొక్కలలో నత్రజని వృద్ధియగుటయు, గోధుమలో కాకుండుటయు కనుగొనెను. అది గాలినుండి వచ్చినదా? ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రమున లాస్, గిల్బర్ట్, ప్యూ అనువారు 1857, 1858లలో దీనిని పరీక్షించిరి. మట్టిని కాల్చి, మొక్కలను గాజుపాత్రలలో పెంచి, బయటి నత్రజని సమ్మేళనములు సోకకుండ కాపాడిరి. నత్రజని పెరుగలేదు. పొలములో రైతు చూచుచున్నది ప్రయోగశాలలో కనబడకపోయెను.

చిక్కు ఆ జాగ్రత్తలోనే ఉన్నది. మట్టిని కాల్చినప్పుడు అందులోని సూక్ష్మజీవులు కూడ నశించెను.

ఈ ముడిని విప్పినవారు జర్మనీ శాస్త్రజ్ఞులు హెల్రీగెల్, విల్‌ఫార్త్. ఇసుక కుండలలో ఓట్సు పైరు, వేసిన నైట్రేటు కొలదిని పెరిగెను. బఠాణీలు అట్లు కాదు; నైట్రేటు లేని కుండలలోనే కొన్ని క్షీణించెను, కొన్ని ఏపుగా పెరిగెను. పెరిగినవాని వేళ్లకు బొడిపెలుండెను. క్రిములను చంపిన ఇసుకలో బఠాణీ వాడిపోయెను. పొలపు మట్టిని కలిపి తేర్చిన నీరు కొంచెము పోయగా బొడిపెలు పుట్టి తేరుకొనెను. అదే నీటిని మరగించి పోసినచో ఫలము లేదు. 1886లో హెల్రీగెల్ ఈ సంగతిని బెర్లినులో ప్రకటించెను. 1888లో హాలండు శాస్త్రజ్ఞుడు బైయెరింక్ బొడిపెలలోని బాక్టీరియాను వేరుపరచెను. తరువాత రోథామ్‌స్టెడ్ పరీక్షలును దీనినే బలపరచెను.

ఈ బాక్టీరియా మొక్కనుండి ఆహారమును గ్రహించి, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చునట్లు మార్చియిచ్చును. రొట్ట నేలలో కుళ్లినప్పుడు ఆ నత్రజని వరికి అందును. పూత దాటినచో కాండము ముదిరి త్వరగా కుళ్లదు. అందుచేతనే పూతదశలో దున్నుట.

జీలుగ మొక్కను మెల్లగా పెల్లగించి చూడుడు. వేళ్ల బొడిపెను చీల్చినచో లోపల గులాబి రంగు కనబడును. ఆ రంగున్నచో బాక్టీరియా పనిచేయుచున్నదన్నమాట. బొడిపెలే లేని పైరు, నేలనుండి తీసికొన్న నత్రజనినే నేలకు తిరిగి యిచ్చును.