బిగుసుకుపోయిన కిట్‌క్యాట్ ఫ్యూజు

మీటరు బోర్డు మీది పింగాణీ ఫ్యూజు (కిట్‌క్యాట్) ఊడి రాకుండా పట్టేయడం పాత వైరింగు ఇళ్లలో తరచూ కనిపించే లోపం. ఎంసీబీలు వచ్చాక కొత్త ఇళ్లలో ఈ బెడద తగ్గినా, నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల పాత ఇళ్లలో కిట్‌క్యాట్‌లు ఇంకా వాడుకలో ఉన్నాయి. బోర్డుకు బిగించి ఉండేది బేసు. చేత్తో పీకేది క్యారియరు. వీటికి భారత ప్రమాణం ఐఎస్ 2086.

ఫ్యూజు పట్టేయడానికి ముఖ్య కారణం వేడి. క్యారియరు రేకులు బేసులోని పట్టుల్లో వదులుగా కూర్చుంటే అక్కడ నిరోధం పెరిగి లోహం కాలుతుంది, నల్లబడుతుంది, చివరికి అతుక్కుంటుంది. మూడు ఫేజులున్న చోట ఒక ఫేజు పోగానే క్యారియరు పీకి పక్క ఫేజులో గుచ్చే అలవాటు వల్ల పట్టులు త్వరగా వదులవుతాయి. ఫ్యూజు తీగకు బదులు కేబులు పోగులు మెలిపెట్టి కట్టడం ఇంకా ప్రమాదకరం. ఓవర్‌లోడైనా ఆ పోగులు కరగవు కాబట్టి వేడంతా పింగాణీ మీదా వైర్ల మీదా పడుతుంది. రెంటచింతల వంటి చోట్ల మే నెల ఎండకు కూలర్లు, ఏసీలు ఒక్కసారిగా నడిచేటప్పుడు ఇది బయటపడుతుంది.

ఫ్యూజు పీకడానికి మెయిన్ ఆపితే చాలని చాలామంది నమ్ముతారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. మెయిన్ స్విచ్‌కు ముందున్న కటౌట్‌లో (సర్వీసు ఫ్యూజులో) 230 వోల్టులు అలాగే ఉంటాయి. పాత ఇనుప మెయిన్ పెట్టెలో పిడి దించినా, సర్వీసు వైరు వచ్చి తగిలే టెర్మినళ్లలో కరెంటు పోదు. ఇన్వర్టరు ఉంటే ఇంటి వైపు నుంచీ కరెంటు వస్తుంది, దాన్ని కూడా ఆపాలి.

మెయిన్ తర్వాతి ఫ్యూజయితే ముందుగా ఇంట్లోని స్విచ్‌లన్నీ ఆపాలి. లోడు మీద పీకితే నిప్పు లేచి ముఖానికి తగులుతుంది. తర్వాత మెయిన్ దించాలి. టెస్టరును పనిచేస్తున్న మరో సాకెట్లో ముందే పరీక్షించుకుని, ఆపైన ఫ్యూజు రెండు చివర్లా చూడాలి. పొడి చేతులతో, ఎండిన చెక్క మీద నిలబడి, క్యారియరు నడుమ పట్టుకుని నేరుగా తన వైపు లాగాలి. కాస్త పైకీ కిందికీ కదిలించవచ్చు. మెలితిప్పితే పింగాణీ పగిలి, రేకు బేసులోనే ఉండిపోతుంది. స్క్రూడ్రైవరుతో ఎత్తడం, కటింగు ప్లేయరుతో పీకడం, నూనె పోయడం కూడదు.

రెండు మూడు సార్లకు రాకపోతే ఆపేయాలి. కాలిన వాసన, పగుళ్లు, కరిగిన ఇన్సులేషను కనిపిస్తే అసలు మొదలుపెట్టకూడదు. మీటరుకు ముందున్న సీలు వేసిన కటౌట్ జోలికి ఇంటివారు పోరాదు. దానికి 1912కు ఫోను చేయాలి, లేదా సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంటుకు చెప్పాలి. వాళ్లు స్తంభం దగ్గర సరఫరా ఆపి, అవసరమైతే ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని పని చేస్తారు.

ఊడిన క్యారియరును గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వాడటం పొదుపనిపించవచ్చు. కానీ వేడికి స్ప్రింగు బిగువు చచ్చిన పట్టు మళ్లీ కాలుతుంది. అందుకే బేసు, క్యారియరు రెండూ మార్చడమే మంచిది. తగరం పూత రాగి తీగ 5 ఆంపియర్లకు సుమారు 0.2 మిల్లీమీటర్లు, 15 ఆంపియర్లకు 0.5 మిల్లీమీటర్లు సరిపోతుంది. అలాంటి తీగ కూడా తన రేటింగుకు దాదాపు రెట్టింపు కరెంటు దగ్గరే కరుగుతుంది కనుక ఇంకాస్త లావుది వేయడానికి వీల్లేదు. కొత్తది పెట్టాక మామూలు లోడు మీద పింగాణీ బాగా వేడెక్కుతుంటే ఎక్కడో మర వదులుగా ఉన్నట్టే. మళ్లీ సరఫరా ఆపి ఎలక్ట్రీషియను చేత బిగించాలి.