సీజను చివరి కప్పు, చెరిగిపోయిన రాష్ట్రం



రాయచూరు జిల్లా మల్లట్‌లో గాని, చుట్టుపక్కల క్యాంపుల్లో గాని ఎండాకాలం సాయంత్రాలు పంట కోసిన చేలల్లో పిల్లలు ఆడుకుంటూ కనిపిస్తారు. ఎక్కువగా క్రికెట్టే ఆడుతుంటారు. వాళ్ళలో ఎవరినైనా ఆపి, "మీ తాతల కాలంలో మీ జిల్లా ఉన్న రాష్ట్రం ఏ ఆటలో దేశాన్ని గెలిచింది?" అని అడిగితే తడుముకుంటారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఆ రాష్ట్రమే ఇప్పుడు పటంలో లేదు. దాని పేరు హైదరాబాదు. ఆ ఆట ఫుట్‌బాల్. ఈ ప్రసంగంలో ఆ గెలుపు కథను గుర్తుచేసుకుందాం.

ముందుగా సీజను చివరి పోటీ అంటే ఏమిటో చెప్పుకోవాలి. అందుకు మన ఎండల నుంచి ఒక్క నిమిషం మంచుదేశాలకు వెళ్ళి వద్దాం. కెనడాలో, అమెరికాలో మంచుగడ్డ మీద హాకీ ఆడతారు. కాళ్ళకు ఇనుప పట్టీల బూట్లు, చేతిలో కర్ర, బంతికి బదులు నల్లని రబ్బరు బిళ్ళ. అక్కడ పెద్ద లీగు ఒకటి ఉంది. దాని కింద రెండో మెట్టు లీగు మరొకటి ఉంది. రెండో మెట్టులో ఆడేవాళ్ళలో చాలామంది, పెద్ద జట్టు నుంచి ఎప్పుడు పిలుపు వస్తుందా అని ఎదురుచూసే కుర్రాళ్ళే. నెలల తరబడి సాగే లీగు ముగిశాక, పైవరుసలో నిలిచిన జట్లకు మళ్ళీ విడిగా ఒక పోటీ పెడతారు. అందులో నెగ్గిన జట్టుకు ఇచ్చేది కాల్డర్ కప్పు. పెద్ద లీగుకు మొదటి అధ్యక్షుడైన ఫ్రాంక్ కాల్డర్ పేరు దానికి పెట్టారు. లీగులో మొదటి స్థానంలో నిలిచిన జట్టు ఈ చివరి పోటీలో ఓడిపోవచ్చు. వెనక ఉన్న జట్టు కప్పు ఎత్తుకుపోవచ్చు. చిన్న ఊళ్ళ జట్లకు కూడా పేరు తెచ్చుకునే అవకాశం అక్కడే దొరుకుతుంది.

ఆ దేశాల పెద్ద కప్పు స్టాన్లీ కప్పు. కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ 1892లో దాన్ని బహూకరించారు. అంతకు ఒక్క ఏడాది ముందు, 1891లో, మన బొంబాయిలో రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ పోటీలు మొదలయ్యాయి. రెండు చోట్లా ఉన్నది ఒకే సామ్రాజ్యం. దొరలకు ఎక్కడికి వెళ్ళినా ఒక ఆట, ఆ ఆటకు ఒక వెండి కప్పు ఉండవలసిందే. మొదటి ఏడాది రోవర్స్ కప్పు గెలిచింది వూస్టర్‌షైర్ రెజిమెంటు అనే బ్రిటిషు సైనిక దళం. ఆ తరువాత నాలుగు దశాబ్దాలకు పైగా కప్పు ఒక పటాలం చేతి నుంచి మరో పటాలం చేతికి పోతూ వచ్చింది. 1923లో కలకత్తా మోహన్‌బగాన్ ఫైనలు దాకా వెళ్ళి ఓడిపోయింది. దాన్ని గెలిచిన మొదటి భారతీయ జట్టు మన పొరుగువాళ్ళదే. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు గెలిచింది, 1938లో మళ్ళీ గెలిచింది.

మన దేశంలో 1996 దాకా జాతీయ ఫుట్‌బాల్ లీగు అంటూ ఏదీ లేదు. కలకత్తా లీగు కలకత్తాది, బొంబాయి లీగు బొంబాయిది, హైదరాబాదు లీగు హైదరాబాదుది. ఎవరి ఊళ్ళో వాళ్ళు మొనగాళ్ళు. అందరిలో ఎవరు గొప్పో తేలాలంటే ఊరి లీగులు ముగిశాక జరిగే కప్పు పోటీలే దారి. వానలు తగ్గుముఖం పట్టాక బొంబాయిలో రోవర్స్, చలికాలంలో ఢిల్లీలో డ్యూరాండ్. ఓడినవాడు పెట్టె సర్దుకుని రైలెక్కడమే. రెండో అవకాశం లేదు.

ఇక మన కథకు వద్దాం. 1948 సెప్టెంబరులో జరిగిన సైనిక చర్యను ఈ ప్రాంతపు పెద్దలు 'పోలీసు చర్య' అనే పేరుతోనే తలుచుకుంటారు. ఐదు రోజుల్లో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు, దానితోపాటు గద్వాల, ఆలంపురం తాలూకాలు అప్పుడు ఒకే జిల్లా. ఆ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. ఆ రోజుల్లో పోలీసు అనే మాట ఎవరికి ఏ జ్ఞాపకం తెచ్చేదో చెప్పనక్కరలేదు. సరిగ్గా రెండేళ్ళు తిరిగేసరికి, 1950లో, అదే మాట మరో విధంగా వినిపించింది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. అదే సంవత్సరం ఢిల్లీలో మోహన్‌బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా గెలిచింది. యుద్ధం రోజుల నుంచి ఆగిపోయిన డ్యూరాండ్ పోటీలు తిరిగి మొదలైన ఏడాది అది. నిజాం కాలపు దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసిపోయిన సంవత్సరమూ అదే.

ఒక్కసారి గెలిస్తే అదృష్టం అనుకోవచ్చు. కాని 1951లోనూ రోవర్స్ కప్పు వాళ్ళదే. 1952లోనూ వాళ్ళదే. 1953, 1954 కూడా వాళ్ళవే. వరుసగా ఐదేళ్ళు! రోవర్స్ కప్పు చరిత్రలో మరే జట్టూ ఆ పని చేయలేకపోయింది. కలకత్తా క్లబ్బుల వెనక లక్షల అభిమానులు ఉన్నారు, ధనవంతుల అండ ఉంది. వీళ్ళు పోలీసుశాఖలో నెల జీతానికి పనిచేసే మనుషులు.

ఈ గెలుపుల వెనక ఒక బడిపంతులు ఉన్నారు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూనే ఆటను పాఠంలా చదివారు, పాఠంలా చెప్పారు. అందరూ ఆయన్ను రహీం సాబ్ అనేవారు. 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు ఆయనే శిక్షకుడు.

ఆయన చేసిన పని ఏమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి. బంతిని కాలికి అంటిపెట్టుకుని ఇద్దరు ముగ్గురిని తప్పించుకుంటూ పోతే చూసేవాళ్ళు ఈలలు వేస్తారు, చప్పట్లు కొడతారు. మన కుర్రాళ్ళకు అదే ఇష్టం. రహీం సాబ్ ఆ మోజు వదిలించారు. బంతి వచ్చింది, వెంటనే తోటివాడికి అందించు, నువ్వు ఖాళీ జాగాకు పరుగెత్తు. మనిషి కంటే బంతి త్వరగా కదలాలన్నది ఆ పద్ధతి సారం. దీన్ని నేర్పడానికి ఆయన కుర్రాళ్ళకు విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని ఎవరూ తమ దగ్గర ఉంచుకుని తిప్పకూడదు. మరొక పోటీలో అలవాటైన కాలితో బంతిని తన్నకూడదు, వాటం లేని కాలితోనే ఆడాలి. మనలో కుడిచేతి వాటం ఉన్నవాళ్ళు ఒక్కరోజు ఎడమచేత్తో కలుపు తీసి చూస్తే ఆ కష్టం ఎంతటిదో తెలుస్తుంది. కాని నెల రోజులు అలా ఆడినవాడికి రెండు కాళ్ళూ స్వాధీనంలోకి వస్తాయి.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి కుర్రవాడు ఉండేవాడు. అతని ఆట రహీం సాబ్ కంటబడింది. రోజూ అంత దూరం వచ్చి సాధన చేయడానికి అతని దగ్గర డబ్బు లేదు. అద్దె సైకిలుకని రహీం సాబే రోజుకో రూపాయి ఇచ్చేవారని బలరాం పెద్దవాడయ్యాక చెప్పుకున్నారు. ఆ కుర్రవాడు తరువాత భారత జట్టులో గొప్ప ఫార్వర్డుగా పేరు పొందారు. 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లో కన్నుమూశారు.

ఇవన్నీ గెలుపుల కథలే అనుకోకండి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో పదికి ఒక గోలు తేడాతో చిత్తుగా ఓడింది. ఆ జట్టుకు శిక్షకుడు రహీం సాబే. మన ఆటగాళ్ళలో చాలామంది చలిదేశంలో వట్టి కాళ్ళతో ఆడారు. ఆ దెబ్బతో మన ఫుట్‌బాల్ సంఘం బూట్లు తప్పనిసరి చేసింది. ఓటమి నుంచి ఏం నేర్చుకున్నారన్నది నాలుగేళ్ళ తరువాత తెలిసింది.

ఆ నాలుగేళ్ళ తరువాతి సంవత్సరమే 1956. సరిహద్దు జిల్లాల వారికి ఆ ఏడాది సంగతి వేరే చెప్పనక్కరలేదు. నవంబరు 1న భాషా ప్రాతిపదిక మీద రాష్ట్రాలు ఏర్పడ్డాయి. హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైంది. తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌కు, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రానికి, రాయచూరు, గుల్బర్గా, బీదరు మైసూరు రాష్ట్రానికి వెళ్ళాయి. మన జిల్లాలోనే గద్వాల, ఆలంపురం విడిపోయి మహబూబ్‌నగర్ జిల్లాలో చేరాయి. నిన్నటిదాకా ఒకే కచేరీకి వెళ్ళి పన్ను కట్టినవాళ్ళు రెండు రాష్ట్రాల వాళ్ళయ్యారు.

ఆ మాట అటుంచి, అదే నవంబరు నెలాఖరున మెల్బోర్న్‌లో ఒలింపిక్స్ జరుగుతున్నాయి. భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు రహీం. జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదు వాళ్ళున్నారు. డిసెంబరు 1న మన జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను రెండుకు నాలుగు గోళ్ళతో ఓడించింది. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేశాడు. చివరికి భారత్‌కు నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకంటే పైకి ఎన్నడూ వెళ్ళలేదు. వాళ్ళు పుట్టి పెరిగిన రాష్ట్రం రద్దయి అప్పటికి సరిగ్గా నెల రోజులు!

ఆటలో మాత్రం ఆ పేరు అంత తొందరగా చెరిగిపోలేదు. 1957లో రోవర్స్ కప్పు మళ్ళీ హైదరాబాదు సిటీ పోలీసుదే. రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీని 1956-57లోనూ, 1957-58లోనూ హైదరాబాదు గెలిచింది. ఆ తరువాత జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసుగా మారింది. 1960లో రోవర్స్ గెలిచింది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి కప్పు పంచుకుంది. 1963లో మరోసారి గెలిచింది.

1962 సెప్టెంబరు 4న జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ దక్షిణ కొరియాను రెండుకు ఒకటిగా ఓడించి స్వర్ణం సాధించింది. 1951లో ఢిల్లీలో గెలిచిన స్వర్ణానికి ఇది జంట. రెండుసార్లూ శిక్షకుడు రహీమే. జకార్తా వెళ్ళేనాటికే క్యాన్సరు ఆయన్ను తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన మరణించారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్ళీ స్వర్ణం రాలేదు.

ఆ తరువాత ఏం జరిగింది? మంచి ఆటగాళ్ళను కలకత్తా క్లబ్బులు పిలుచుకున్నాయి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయారు. మంచు హాకీలో రెండో మెట్టు జట్టు తయారుచేసిన కుర్రవాడు పెద్ద జట్టుకు పోయినట్టే ఇది. అయితే అక్కడ పోయినవాడి స్థానంలో మరొకరిని తయారుచేసే ఏర్పాటు ఉంటుంది. ఇక్కడ ఆ ఏర్పాటంతా ఒక్క మనిషి. ఆ మనిషి పోయాక పని చిక్కిపోయింది. 1996లో జాతీయ లీగు వచ్చింది. సీజను చివరి కప్పులకు పాత విలువ తగ్గింది. 2000-01 పోటీల తరువాత రోవర్స్ కప్పు ఆగిపోయింది.

చివరి పోటీ ఆకర్షణ మాత్రం పోలేదు. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు పట్టికలో మొదటి స్థానం జంషెడ్‌పూర్‌ది. కాని ఆపైన జరిగిన చివరి పోటీల్లో నెగ్గి, గోవాలో ఫైనలు గెలిచి, కప్పు ఎత్తింది హైదరాబాదు జట్టు. అప్పుడు చాలామంది కుర్రాళ్ళు హైదరాబాదుకు ఫుట్‌బాల్‌లో ఇదే మొదటి పెద్ద గెలుపు అనుకున్నారు. డెబ్బై ఏళ్ళ వెనక వరుసగా ఐదు కప్పులున్నాయని చెప్పేవాళ్ళు వాళ్ళకు దొరకలేదు.

ఇంతకూ ఆ ఐదు కప్పులు ఎవరివి? జట్టు ఉన్నది హైదరాబాదు నగరంలో కాబట్టి తెలంగాణవి అంటారు కొందరు. ఆ మాట నిజమే, కాని అది సగం మాట. 1950 నుంచి 1954 దాకా జీతాలిచ్చి ఆ పోలీసులను పోషించిన ఖజానాకు రాయచూరు రైతు శిస్తు కట్టాడు, గద్వాల రైతు కట్టాడు, బీదరు, ఔరంగాబాదు రైతులూ కట్టారు. కాలువ నీళ్ళు వచ్చాక కోస్తా నుంచి క్యాంపులకు తరలివచ్చిన తెలుగువాళ్ళ తాతలు అప్పుడు వేరే రాష్ట్రంలో ఉండి ఉండవచ్చు. కాని వాళ్ళ మనవలు ఆడుకునే ఈ నేల ఆ రాష్ట్రంలోనిదే. కాబట్టి ఆ కప్పుల మీద కన్నడం మాట్లాడేవారికీ, తెలుగు మాట్లాడేవారికీ, ఉర్దూ, మరాఠీ మాట్లాడేవారికీ సమానమైన హక్కు ఉంది. భూములు పంచుకున్నాం, నీళ్ళు పంచుకున్నాం, కచేరీల కాగితాలు పంచుకున్నాం. ఈ గెలుపును పంచే పని ఎవరికీ గుర్తురాలేదు. అందుకే అది సరిహద్దుకు అటూ ఇటూ ఎవరి పాఠంలోనూ లేకుండా పోయింది.

మీ ఇళ్ళలో ఆ రోజులు ఎరిగిన పెద్దలు ఇంకా ఉంటే, ఈ రాత్రి అన్నం తిన్నాక ఒక్కసారి అడగండి. పోలీసు జట్టు బొంబాయిలో గెలిచిన సంగతి ఊరికి ఎలా తెలిసింది, ఎవరు చెప్పారు, విని ఎవరేమన్నారు అని. వాళ్ళు చెప్పింది పిల్లల చేత ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఆ రాష్ట్రం తిరిగి రాదు, రావలసిన అవసరమూ లేదు. దాని గెలుపు మాత్రం మనదని మన పిల్లలకు తెలియాలి.