బోనులోని గొంతు ఎవరిది?

కోర్టు సినిమా అనగానే మనకు గుర్తొచ్చేది నల్లకోటు వాదన, జడ్జి 'ఆర్డర్ ఆర్డర్', చివర్లో తీర్పు. బోనులో నిలబడ్డవాడు మాత్రం నోరు మెదపడు. నిరసన తెలిపి బోనెక్కినవాళ్ల నిజమైన కేసులపై 2020లో రెండు సినిమాలొచ్చాయి. వాటిలో ఎవరు మాట్లాడారో చూడాలి.

మొదటిది ఆరన్ సార్కిన్ తీసిన 'ద ట్రయల్ ఆఫ్ ద షికాగో సెవెన్'. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా 1968లో షికాగోలో జరిగిన ప్రదర్శనలపై పెట్టిన కుట్ర కేసు ఇది. 1969లో విచారణ మొదలైనప్పుడు నిందితులు ఎనిమిది మంది. ఎనిమిదోవాడు బ్లాక్ పాంథర్ నాయకుడు బాబీ సీల్. తన లాయరు ఆస్పత్రిలో ఉన్నాడు కనుక నా కేసు నేనే వాదించుకుంటానన్నాడు. జడ్జి హాఫ్‌మన్ ఒప్పుకోలేదు. అడగడం మానకపోతే అక్టోబరు 29న కుర్చీకి కట్టేయించి నోట్లో గుడ్డ కుక్కించాడు. రోజుల తరబడి విచారణ అలాగే నడిచింది. నవంబరు 5న సీల్ కేసును విడదీసి, కోర్టు ధిక్కారం కింద నాలుగేళ్ల జైలు వేశాడు. సినిమాలో ఇదంతా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత కథంతా తెల్లవాళ్లదే. చివర్లో టామ్ హేడెన్ చనిపోయిన సైనికుల పేర్లు చదవడం కల్పన. నిజంగా చదవబోయింది డేవిడ్ డెలింజర్, అదీ విచారణ మధ్యలో.

రెండోది స్టీవ్ మెక్వీన్ తీసిన 'మాంగ్రోవ్'. లండన్ నాటింగ్ హిల్‌లో ఫ్రాంక్ క్రిచ్‌లో నడిపిన హోటలు పేరది. 1969 జనవరి, 1970 జూలై మధ్య పోలీసులు దానిపై 12 సార్లు దాడి చేశారు. దానికి నిరసనగా ఆగస్టు 9న 150 మంది ఊరేగింపు తీస్తే తొమ్మిది మందిపై అల్లర్ల కేసు పెట్టారు. 1971లో ఓల్డ్ బెయిలీ కోర్టులో 55 రోజుల విచారణ. డార్కస్ హౌ, ఆల్తియా జోన్స్ లెకాయింట్ తమ కేసు తామే వాదించుకున్నారు. జ్యూరీలో అందరూ నల్లవాళ్లే ఉండాలన్నారు. జడ్జి కాదన్నాడు. అయినా నిందితులు 63 మందిని వద్దని, ఇద్దరు నల్లవాళ్లను సాధించుకున్నారు. అల్లర్ల నేరం తొమ్మిది మందిపైనా వీగిపోయింది. 'రెండు వైపులా' అంటూనైనా జాతి ద్వేషం ఉందని జడ్జే ఒప్పుకోవలసి వచ్చింది. షికాగోలో నోరు నొక్కేసిన హక్కే లండన్‌లో ఆయుధమైంది.

ఇది మనకు దూరపు కథేమీ కాదు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత పాంథర్స్ పేరు సీల్ పార్టీ నుంచి వచ్చిందే. చుండూరులో మనవాళ్లు బాధితులే గాని నిందితులు కారు. అయినా కోర్టు మా ఊళ్లోనే నడవాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. నోరు దొరికినంత మాత్రాన న్యాయం దొరకదన్నమాట. రికార్డుకెక్కిన గొంతును కూడా సినిమా కుదించేయగలదని సీల్ కథ చెబుతోంది. అందుకే సినిమా చూసి ఊరుకోకుండా, ఆ రికార్డు కూడా మనమే చదువుకోవాలి.