ఖాకీ చీర కట్టినవారు

మా మైపాడు తీరమున నిలిచి తూర్పునకు జూచిన సముద్రము తప్ప వేరొండు కానరాదు. పడమటికి మరలిన బకింగుహాము కాలువయు, దాని కావల నెల్లూరి మాగాణులును గానవచ్చును. ఇట్టి మారుమూల తీరమునకును 1942వ సంవత్సరమున యుద్ధభయము సోకెను. ఆ మార్చిలో రంగూను జపానువారి వశమై బర్మాబియ్యము రాకపోవుటచే ధరలు పెరిగెను. ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడెను. మద్రాసు జనము మూటాముల్లె సర్దుకొని లోపలి జిల్లాలకు తరలిపోయిరి. ఉత్తరమున బాంబులు పడిన రేవులకును, దక్షిణమున ఖాళీయగుచున్న నగరమునకును నడుమ మా తీరము.

ఆ యేటనే ప్రభుత్వము సైన్యమునకు స్త్రీల సహాయక దళమును నెలకొల్పెను. గుమాస్తాలుగా, టైపిస్టులుగా, టెలిఫోను ఆపరేటర్లుగా, డ్రైవర్లుగా అందు చేరినవారి సంఖ్య పదకొండు వేలు దాటెను. భారతీయ స్త్రీలు ఖాకీ చీర కట్టవచ్చునను వెసులుబాటు ఉండెను.

గుమాస్తా కొలువు తుపాకి మోయుట కాదని తేలికగా దలపరాదు. నాలుగు కాగితముల నడుమ మూడు కార్బను కాగితములు దూర్చి, అడుగు ప్రతియందును అక్షరము పడునట్లు మీట గట్టిగా నొక్కవలయును; తప్పు దొరలెనేని నాలుగింటను విడివిడిగా దిద్దవలయును. సిపాయి నంబరులో ఒక్క అంకె మారినచో అతని జీతము, ఇంటికి జేరవలసిన మనియార్డరు, కడకు మరణవార్తయు త్రోవ తప్పవచ్చును.

అయినను కాలము వారికి అనుకూలింపలేదు. అదే 1942 ఆగస్టులో క్విట్ ఇండియా పిలుపు వచ్చెను. పల్లిపాడులో 1921 ఏప్రిలు 7వ తేదీన గాంధీజీ ఆశ్రమమును ప్రారంభించిన జిల్లా మాది. పొణకా కనకమ్మగారు 1923లో కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించి, స్వాతంత్ర్యోద్యమమున జైలుకు బోయిన జిల్లా మాది. జైలుకు బోయిన స్త్రీకి వీథిలో పూలదండ దక్కెను. దొరల సైన్యమున వ్రాతకోతలు చేసిన స్త్రీకి ఇంటిలో మౌనమే దక్కెను.

1947లో దళము రద్దయ్యెను. కొలువు విడిచినవారు పెండ్లిండ్లు చేసికొని, పిల్లలను పెంచి, చాకలిపద్దును పాలపద్దును ఆ సైనికాభ్యాసముతోడనే వ్రాసికొనుచు వృద్ధులైరి. 1950 నాటి సైనిక చట్టము ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిన శాఖలందు తప్ప స్త్రీలకు ప్రవేశము లేదనెను. వైద్య, శుశ్రూష శాఖలకు వెలుపల వారు అధికారులుగా చేరుట 1992లో గాని మొదలు కాలేదు.

కనకమ్మగారి త్యాగమును కొనియాడుటకై ఈ గుమాస్తాలను మరువనక్కరలేదు. ఒక ఊరి చరిత్ర ఇరువురికిని చాలినంత విశాలము. కావున మీ యింట ముత్తవ పెట్టె యడుగున సైన్యపు విడుదల కాగితమేదైన కనబడినచో చెదలకు వదలక, దాని నకలొకటి మీ ఊరి గ్రంథాలయమున నుంచుడని నా మనవి.