ముందే పెట్టిన టిక్కు

యాదగిరిగుట్ట కొండదిగువ వీథులలోని నెట్ సెంటర్లయందు క్రొత్త ప్రోగ్రామును కంప్యూటరులోని కెక్కించువారి హస్తలాఘవమును చూచినవారికి, ‘నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్’ అను మూడు నొక్కులతో ముగియు ఆ కార్యమునకు ఒక చరిత్ర కలదని తోచదు. తెరపై బారులు తీరిన చిన్న చతురస్రపు గడులను, వానిలో ముందుగనే వెలసియున్న టిక్కులను చదువువారు అరుదు. ఆ గడిని ఖాళీగా విడువవలెనా, నింపి చూపవలెనా అనునది మాత్రము ఎవరో ఒకరు కూర్చుండి చేసిన నిర్ణయమే. గడి, గుర్తు, సమ్మతి అను మూడింటితో ఎన్నికలద్వారా ప్రాతపరిచయము గల నల్లగొండ సీమవారికి ఈ వృత్తాంతము ప్రత్యేకముగా తెలియదగినది.

1952 నాటి మొదటి సార్వత్రిక యెన్నికలలో కాగితముపై గుర్తు వేయుటయే లేదు. అభ్యర్థి కొక పెట్టె చొప్పున నిలిపి, దానిపై వాని చిహ్నము నంటించి, వోటరు తన కాగితమును మెచ్చిన పెట్టెలో వేసి వచ్చునట్లు ఏర్పరచిరి. భువనగిరి ప్రాంతపు బొల్లేపల్లిలో జన్మించిన రావి నారాయణరెడ్డి, నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గమున మూడు లక్షలకు మించిన వోట్లు సంపాదించి, సాక్షాత్తు నెహ్రూకు వచ్చిన సంఖ్యను దాటినది ఆ పెట్టెల కాలముననే. అటుపిమ్మట పేర్లన్నియు ఒకే పత్రముపైకి వచ్చినవి; జనులు స్వస్తిక్ గుర్తని పిలుచు రబ్బరు ముద్ర వచ్చినది. ఫ్లోరైడు నీటి బాధను ఢిల్లీ చెవిని వేయుటకై 1996లో ఈ నల్లగొండనుండియే 480 మంది లోక్‌సభకు పోటీచేయగా, బ్యాలెట్ పత్రము పత్రముగా నుండలేక పుస్తకమైనది. అంతటి గ్రంథమందైనను, ఏ యొక్క పేరు ప్రక్కనైనను ముద్రను ముందుగా వేసి వోటరు చేతి కీయలేదు.

కంప్యూటరు గడుల కథ వేరు. 1990 దశకమున హార్డ్ డిస్కులలో చోటు మిక్కిలి తక్కువ. కావున ఇన్‌స్టాల్‌షీల్డ్ వంటి పనిముట్లతో కట్టిన ఇన్‌స్టాలర్లు, అనగా ప్రోగ్రామును కంప్యూటరులోని కెక్కించు సాధనములు, ‘టిపికల్, కాంపాక్ట్, కస్టమ్’ అను మూడు మార్గములు చూపి, మూడవదానిని పట్టినవానికి మాత్రము భాగముల పట్టికను గడులతో పఱచెడివి. అక్కరలేనిదానికి టిక్కు తీసినచో చోటు మిగులును. గడి పుట్టుక పొదుపుకొరకు, మోసముకొరకు గాదు. 1997లో జోర్డన్ రస్సెల్ ఇన్నో సెటప్‌ను, పిదప వినాంప్‌ను నిర్మించిన నల్‌సాఫ్ట్ వారు ఎన్‌ఎస్‌ఐఎస్‌ను ఉచితముగా వెలువరింపగా, ఇన్‌స్టాలర్ కట్టుట ఇంట కూర్చున్న విద్యార్థికిని సాధ్యమైనది.

ఈ పనిముట్ల వ్యాకరణమును కొంచెము దగ్గరగా చూడవలెను. ఇన్నో సెటప్‌లో ‘టాస్క్స్’ అను భాగమున, డెస్క్‌టాప్‌పై ఐకాన్ పెట్టుటకని ఒక పంక్తి వ్రాసినచో తెరపై టిక్కుతో కూడిన గడియే ప్రత్యక్షమగును. ఖాళీ గడి కావలెనన్న ‘అన్‌చెక్డ్’ అను ఫ్లాగును అదనముగా చేర్పవలెను. ‘చెక్డ్‌వన్స్’ అనినచో మొదటిసారి మాత్రమే టిక్కు పడును. అప్‌డేటు వచ్చినప్పుడు, ఇన్‌స్టాలరు కట్టిన పనివాడు వలదనకున్నంతవరకు, గతమున వాడుకరి యెంచుకొన్నదానినే ఇన్నో సెటప్ జ్ఞప్తియందుంచుకొనును. ఇది మర్యాద యెఱిగిన ఏర్పాటు. ఎన్‌ఎస్‌ఐఎస్‌లోను సెక్షన్ సహజముగా టిక్కుతోనే పుట్టును, ‘/ఓ’ అని వ్రాసిననే ఖాళీయగును. ‘సెక్షన్‌ఇన్ ఆర్‌ఓ’ అనినచో ఆ టిక్కును తీయుట వాడుకరి తరము గాదు. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఇన్‌స్టాలర్ మఱియు విచిత్రము: గడికి ముడివడిన ప్రాపర్టీకి సున్న వ్రాసినను అది టిక్కుతోనే కనబడును, ఏ విలువయు లేకున్ననే ఖాళీ. సున్నయు సమ్మతియే యని నేర్చుకొనుటకు ఎందఱు పనివాండ్రు రాత్రులు మేల్కొనిరో!

ఔనన్నది సహజముగను, కాదన్నది అదనపు శ్రమగను ఏర్పడిన ఈ వ్యాకరణమును వర్తకులు త్వరలోనే కనిపెట్టిరి. జావా అప్‌డేటుతో ఆస్క్ టూల్‌బార్, ఫ్లాష్ ప్లేయరుతో మెకాఫీ వారి స్కానర్ టిక్కుపెట్టిన గడులలో కూర్చుండి లోకమంతట ఇండ్లు చొచ్చినవి. గుట్టపై కౌంటరులో పులిహోర యడిగిన భక్తునికి, అతడు నోరు మెదపలేదు గదా యని వ్రతము టిక్కెట్టును కూడ చింపి యిచ్చి పైక మడిగినట్లున్నది ఆ వ్యాపారము.

న్యాయము ఆలస్యముగా మేల్కొన్నది. ముందే పెట్టిన టిక్కు సమ్మతి కానేరదని ఐరోపా న్యాయస్థానము 2019 అక్టోబరు 1న ప్లానెట్49 వ్యాజ్యమున తీర్పు చెప్పెను. మన దేశమున 2020 నాటి ఇ-కామర్స్ నియమములు, కొనుగోలుకు సమ్మతిని అట్టి గడులద్వారా నమోదు చేయరాదని శాసించినవి. బుట్టలో చెప్పక చేర్చు సరకును 2023 నవంబరులో వెలువడిన మార్గదర్శకములు డార్క్ పాటర్న్‌గా, అనగా వాడుకరిని మభ్యపెట్టు ఏర్పాటుగా, పేర్కొన్నవి. మన దేశపు ఈ రెండును బేరసారములకు సంబంధించిన నియమములు. ఉచిత ప్రోగ్రాము ఇన్‌స్టాలరును కట్టువాని మనస్సుదాక పోవునవి కావు.

హైదరాబాదు కంపెనీలలో ఇన్‌స్టాలర్లు కట్టు నల్లగొండ, భువనగిరి యువకులకు అందువలననే ఈ విన్నపము. ఇన్నో సెటప్ విజార్డు తాను కల్పించు డెస్క్‌టాప్ ఐకాన్ పంక్తికి ‘అన్‌చెక్డ్’ అను మాటను తానే చేర్చి యిచ్చును, దానిని చెరపకుడు. మీరు స్వయముగా వ్రాయు పంక్తులకును ఆ యొక్క మాటను చేర్పుడు.